పాత డిస్కుని ఎవరు చదవాలి?

1980ల నాటి ఎనిమిది బిట్ల ఇంటి కంప్యూటర్లలో మిగిలిపోయిన ఫైళ్ళని ఇప్పటి కంప్యూటర్లోకి తెచ్చుకోవడం ఎలా? బీబీసీ మైక్రో, కమొడోర్ 64, ఆపిల్ 2 లాంటి యంత్రాల్ని ఇంకా ప్రేమగా చూసుకునేవాళ్ళ మధ్య దీని మీద రెండు వాదాలున్నాయి. పాత యంత్రం చేతనే దాని డిస్కుని చదివించి, చిన్న ప్రోగ్రాం ఒకటి పెట్టి, తీగ మీదుగా ఫైళ్ళు పంపించుకోవాలనేది ఒకటి. యంత్రం జోలికి పోకుండా డిస్కు మీది అయస్కాంతపు గుర్తుల్ని ఉన్నవున్నట్టు పట్టుకుని, అర్థం తరవాత తీరిగ్గా చెప్పుకోవచ్చనేది రెండోది.

ఇక్కడ వాదించుకునే ఇద్దరూ దగ్గరి చుట్టాలే. బాబాయి రిటైరైన లెక్కల మాస్టారు. 1984-85లో మన దేశంలో బళ్ళలో కంప్యూటర్ చదువు కోసం క్లాస్ పథకం మొదలైనప్పుడు దానికి ఎంచుకున్నది ఇంగ్లండు వాళ్ళ బీబీసీ మైక్రోని. ఆయన పిల్లలకి బేసిక్ నేర్పింది దాని మీదే. అమ్మాయి ఆయన అన్నగారి కూతురు. పాత డిస్కులకి ప్రతులు తీయడం ఆమె పని. మధ్యలో నా మాటలు కూడా వస్తాయి. నా మొగ్గు ఎటో వాటిలో తెలిసిపోతుంది, దాచాలని నాకు లేదు.

అమ్మాయి: బాబాయ్, ఆ మిషన్‌ని అప్పుడే ప్లగ్గులో పెట్టకు. ముందు డిస్కులు నాకివ్వు.

బాబాయి: ఎందుకు పెట్టకూడదు? ఆ డిస్కులు రాసింది అదే. చదవాల్సిందీ అదే.

అమ్మాయి: దాని పవర్ సప్లైలో మెయిన్స్ దగ్గర ఫిల్టర్ కెపాసిటర్లుంటాయి. నలభై ఏళ్ళకి వాటి పైపొర పగిలి, తేమ పట్టి, కరెంటు ఇచ్చిన కాసేపటికి కంపు కొట్టే పొగ వదులుతాయి. బీబీసీ మైక్రో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన రోగమే. కమొడోర్ 64 సంగతి మరీ ఘోరం. దాని అడాప్టర్లో రెగ్యులేటర్ పాడైతే అయిదు వోల్టులు వెళ్ళాల్సిన చోట అంతకన్నా ఎక్కువ వెళ్ళి లోపలి చిప్పులు కాలిపోతాయి.

బాబాయి: కెపాసిటర్లు ఎప్పుడో మార్చేశాను తల్లీ. మార్చకుండా ఆన్ చేసేంత తొందర నాకు లేదు. ఇది కాకుండా ఇంకేం కారణం ఉందో చెప్పు.

అమ్మాయి: డిస్కే కారణం. అది ఇంకొక్కసారి మాత్రమే చదవనిస్తుందనుకో. మన కోస్తా తేమకి బూజు పట్టిన ఫ్లాపీ హెడ్ కింద తిరిగితే పూత లేచిపోవచ్చు. ఉన్న ఆ ఒక్క అవకాశాన్ని ఎవరి చేతిలో పెడతావు? నీ మిషన్ సెక్టారు బాగుంటే ఇస్తుంది, బాగోకపోతే ‘డిస్క్ ఫాల్ట్ 18’ అని తెర మీద రాసి ఊరుకుంటుంది. సెక్టారు దొరకలేదని దానర్థం. ఎంత పోయిందో, ఎంత మిగిలిందో చెప్పదు. నా బోర్డు దొరికినదంతా ఇస్తుంది.

బాబాయి: ఏదీ, ఆ గ్రీజ్‌వీజిలా?

అమ్మాయి: అదే. మామూలు పీసీ ఫ్లాపీ డ్రైవుకి తగిలిస్తే, హెడ్ కింద అయస్కాంత దిశ మారిన ప్రతి క్షణాన్నీ నానోసెకన్లలో రాసుకుంటుంది. డిస్కు నిమిషానికి 300 చుట్లు తిరుగుతుంది, అంటే చుట్టుకి 200 మిల్లీసెకన్లు. ట్రాకుకి మూడేసి చుట్లు తీసుకున్నా 80 ట్రాకులు నిమిషంలో అయిపోతాయి. ఆ తరవాత డిస్కుని మళ్ళీ ముట్టుకునే పనే లేదు. ఇవాళ అర్థం కాని ట్రాకుని, ఇంకా మంచి ప్రోగ్రాం వచ్చినప్పుడు అదే రికార్డులోంచి మళ్ళీ చదువుకోవచ్చు.

బాబాయి: అదే నేననేది. నీ బోర్డు ఏదీ చదవదు, విన్నది రాసుకుంటుందంతే. చదవడమనే పని వాయిదా వేశావు, చేసేశాననుకుంటున్నావు.

ఇక్కడ కొత్తవాళ్ళకి ఒక సందేహం వస్తుంది. 5.25 అంగుళాల డ్రైవు పీసీలకీ ఉండేది కదా, అందులో పెట్టి కాపీ చేసుకుంటే సరిపోదా అని. సరిపోదు. పీసీ కంట్రోలర్లు ఎంఎఫ్ఎం అనే రాతకి అలవాటు పడ్డవి. బీబీసీ మైక్రోలోని ఇంటెల్ 8271 చిప్పు దానికంటే పాతదైన ఎఫ్ఎంలో రాస్తుంది. ట్రాకుకి 10 సెక్టార్లు, సెక్టారుకి 256 బైట్లు, 80 ట్రాకులకి 200 కేబీ. ఆ పాత రాతని చదవలేని పీసీ కంట్రోలర్లే ఎక్కువ. కమొడోర్ 1541 డ్రైవుది మరో దారి. నాలుగు బిట్లని అయిదుగా మార్చి రాసే జీసీఆర్ పద్ధతి దానిది. పైగా బయటి ట్రాకులో 21 సెక్టార్లు, లోపలికి వెళ్ళేకొద్దీ తగ్గి 17. ఆపిల్ డిస్కుది ఇంకో లిపి. ఎవరి రాత వాళ్ళకే తెలిసిన రోజుల్లో, చదవడం వచ్చిన యంత్రం చేత చదివించి తీగ మీదుగా తెప్పించుకోవడం తప్ప మామూలు మనిషికి వేరే మార్గం లేదు. ఫైలు బదిలీ ప్రోగ్రాములన్నీ ఆ అవసరంలోంచే పుట్టాయి.

అమ్మాయి: పుట్టాయి, సరే. ఎన్నాళ్ళు బతికాయో కూడా చూడు. కమొడోర్ వాళ్ళ కథే తీసుకో. 1541 డ్రైవులోనే ఒక 6502 ప్రాసెసరూ 2 కేబీ మెమరీ ఉన్నాయి. అందుకని కంప్యూటర్ని పక్కన పెట్టేసి, డ్రైవునే పీసీ ప్రింటరు పోర్టుకి ఎక్స్1541 అనే కేబుల్‌తో కలిపేశారు. స్టార్ కమాండర్ అనే డాస్ ప్రోగ్రాం ఆ కేబుల్ మీద కమొడోర్ లాగా మాట్లాడి డిస్కంతా లాగేసేది. 683 సెక్టార్లు, 1,74,848 బైట్లు, ఒక డీ64 ఫైలు.

బాబాయి: ఎంత గొప్ప పనో అది! కమొడోర్ మామూలు దారిలో సెకనుకి దాదాపు 400 బైట్లు వస్తాయి. ఆ లెక్కన ఒక డిస్కుకి ఏడు నిమిషాలు దాటుతుంది. ఆ నత్తనడక దానికి ముందు మోడల్ విక్-20 నాటి పాపం. అందులోని 6522 చిప్పులో షిఫ్ట్ రిజిస్టర్ సరిగ్గా పనిచెయ్యక, బిట్టు తరవాత బిట్టుని ప్రోగ్రాంతో తోసుకోవాల్సి వచ్చింది. కమొడోర్ 64 వచ్చేసరికి తెర గీసే చిప్పు మధ్యమధ్యలో ప్రాసెసర్ని ఆపేస్తుందని ఇంకా నెమ్మది చేశారు. స్టార్ కమాండర్ ఏం చేసేదంటే, డ్రైవు మెమరీలోకి తన సొంత ప్రోగ్రాం ముక్కని ఎక్కించి, అక్కణ్ణించి ఇద్దరూ కొత్త ఒప్పందంతో వేగంగా మాట్లాడుకునేలా చేసేది. ఎదుటి పరికరాన్ని అంత దగ్గరగా ఎరిగినవాళ్ళే అలా రాయగలరు.

అమ్మాయి: ఇప్పుడది ఎక్కడ నడుస్తుంది బాబాయ్? దానికి డాస్ కావాలి, ప్రింటరు పోర్టు కావాలి. తరవాతి విండోస్ వచ్చి, మైక్రోసెకన్ల లెక్కతో పోర్టు మీద ఎవర్నీ కూర్చోనివ్వనంది. ఓపెన్‌సీబీఎం అనే ప్రోగ్రాం వచ్చి దాన్ని సర్దుకుంది. ఈలోగా ప్రింటరు పోర్టే మాయమైంది. అప్పుడు యూఎస్‌బీకి తగిలించే జూమ్‌ఫ్లాపీ వచ్చింది. డిస్కు అలాగే ఉంది, 1541 అలాగే ఉంది, నువ్వు మెచ్చుకుంటున్న ప్రోగ్రామే ముందు పోయింది. పాతవాటిని కాపాడతానన్నది పాతవాటికన్నా ముందు ముసలిదైపోతే దాన్ని నమ్ముకోవడం ఎలా?

బాబాయి: అది మైక్రోసెకన్లకి కట్టుబడి ఉంది కాబట్టి పోయింది. వార్డ్ క్రిస్టెన్సెన్ 1977లో రాసిన ఎక్స్‌మోడెమ్ పోలేదు. ఎందుకు పోలేదో చెప్తా, విను. ఫైలుని పొట్లాలు కడుతుంది, పొట్లానికి 132 బైట్లు. మొదటి బైటు 1. ఇదిగో వస్తోందని చెప్పడం అది. రెండోది పొట్లం వరస సంఖ్య. మూడోది 255లోంచి ఆ సంఖ్యని తీసేస్తే మిగిలేది. అంటే నంబరు తప్పుగా అందిందేమో అక్కడికక్కడే తేలిపోతుంది. తరవాత 128 బైట్ల సరుకు. ఆ 128నీ కూడి, మొత్తంలో ఒక బైటుకి పట్టినంత చివర్న పెడుతుంది. అవతలివాడు తానూ కూడి చూసుకుని, సరిపోతే 6 పంపిస్తాడు, సరిపోకపోతే 21. 21 వస్తే అదే పొట్లం మళ్ళీ వెళ్తుంది. అన్నీ అయ్యాక 4. ఇందులో ఏ కంపెనీ పోర్టు ఉంది? ఏ విండోస్ ఉంది? రేపు ఎలాంటి కంప్యూటర్ వచ్చినా, బైట్లు అటూ ఇటూ పోయే దారి ఒకటుంటే చాలు, ఈ పూటే కూర్చుని రాసేసుకోవచ్చు.

ఎక్స్‌మోడెమ్‌ని క్రిస్టెన్సెన్ అమ్ముకోలేదు, ఎవరైనా వాడుకోవచ్చని వదిలేశాడు. మరుసటి ఏడాది 1978 ఫిబ్రవరిలో రాండీ స్యూస్‌తో కలిసి షికాగోలో సీబీబీఎస్ అనే మొదటి బులెటిన్ బోర్డుని మొదలుపెట్టినదీ ఆయనే. 2024లో ఆయన పోయాడు. ఆ 132 బైట్ల పొట్లం మాత్రం నేటికీ రూటర్లలోకి, చిన్న బోర్డుల్లోకి ఫర్మ్‌వేర్ ఎక్కించేటప్పుడు కనిపిస్తూనే ఉంది. ఇంత కొద్ది సామాన్లతో ఇన్నాళ్ళు నిలబడిన పని కంప్యూటర్ చరిత్రలో అరుదు, ఆ విషయంలో నేను బాబాయి పక్షమే.

అమ్మాయి: కూడికని నమ్ముకున్న ప్రోటోకాల్ అది. పక్కపక్క బైట్లు రెండు తారుమారైతే మొత్తం మారదు. తప్పు పొట్లానికి నువ్వు 6 పంపించేస్తావు.

బాబాయి: అది ఒప్పుకుంటా. అందుకే తరవాత కూడిక బదులు 16 బిట్ల సీఆర్‌సీ అనే తనిఖీ వచ్చింది. అందుకునేవాడు మొదట్లో 21 బదులు ‘సీ’ అనే అక్షరం పంపితే, పంపేవాడు ఆ పద్ధతిలోకి మారతాడు. తారుమారు దానికి దొరికిపోతుంది.

అమ్మాయి: ఇంకోటి. పొట్లానికి 128 బైట్లు పట్టి తీరాలి. వెయ్యి బైట్ల ఫైలు పంపితే అవతల 1,024 తేలుతుంది. మిగిలిన 24 చోట్లా 26 అనే బైటు కుక్కుతుంది. ఫైలు అసలు పొడవెంతో పోయింది. నువ్వు దాచిపెట్టింది అసలుకి ప్రతి అని ఎలా అంటావు?

బాబాయి: కెర్మిట్ వాడతాను.

కెర్మిట్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయంలో 1981లో ఫ్రాంక్ డా క్రూజ్, బిల్ కాచింగ్స్ దీన్ని మొదలుపెట్టారు. పెద్ద కంప్యూటర్లలో విద్యార్థులకిచ్చే డిస్కు జాగా చాలా తక్కువ. సెమిస్టరు పనంతా అందులో పట్టదు. ఎవరి ఫైళ్ళు వాళ్ళు ఫ్లాపీ మీద పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళగలగాలి. పెద్ద యంత్రాల లైన్లు ఎనిమిదో బిట్టుని మింగేస్తాయి, కంట్రోల్ బైట్లని చూస్తే ఆజ్ఞలనుకుంటాయి. అందుకని కెర్మిట్ ప్రమాదకరమైన ప్రతి బైటునీ మామూలు అచ్చు అక్షరాలుగా మార్చి పంపి, అవతల విప్పుతుంది. నెమ్మదే, కానీ ఎంత గతుకుల దారిలోనైనా గమ్యం చేరుతుంది. ఫైలు ఎక్కడ ముగిసిందో వేరే పొట్లంలో చెబుతుంది కాబట్టి 26ల కూరుడు ఉండదు. బీబీసీ మైక్రోకీ, ఆపిల్ 2కీ, కమొడోర్ 64కీ కూడా కెర్మిట్ ఉంది. కుర్రవాళ్ళ హోంవర్కు కోసం పుట్టినది ఇన్ని యంత్రాలకి పాకిందంటే, అవసరాన్ని సరిగ్గా పట్టుకున్నందువల్లే.

అమ్మాయి: పొడవు సరే. లోడ్ అడ్రసు మాటేమిటి? బీబీసీ డిస్కులో ప్రతి ఫైలు పేరు పక్కనా అది మెమరీలో ఎక్కడికి ఎక్కాలో, ఎక్కణ్ణించి మొదలవ్వాలో రాసి ఉంటుంది. నా ల్యాప్‌టాప్‌లో ఫైలుకి ఆ రెండు గడులూ లేవు. కెర్మిట్‌తో లాగినా అవి అక్కడే ఉండిపోతాయి. పదేళ్ళ తరవాత ఎవరో ఆ మెషిన్ కోడ్ ఫైలుని తెరిస్తే అనాథలా ఉంటుంది. ఎక్కడ పెట్టాలో ఎవరికీ తెలియదు. మొత్తం డిస్కు ఇమేజ్ తీస్తే కేటలాగుతో సహా వస్తుంది, ఈ గొడవే లేదు.

బాబాయి: ఇది మాత్రం గట్టి దెబ్బే. అయినా దారుంది. స్టార్ గుర్తు పెట్టి ఇన్ఫో అని కొడితే మిషనే తన నోటితో చెబుతుంది, పేరు, లోడ్ అడ్రసు, మొదలయ్యే అడ్రసు, పొడవు. డిస్కున్న మిషన్‌లో బేసిక్ ప్రోగ్రాం సాధారణంగా హెక్సాలో 1900 దగ్గర మొదలవుతుంది. ఆ పట్టికని కూడా అదే తీగ మీద పంపిస్తాను. ప్రతి ఫైలు పక్కనా ఇన్ఫ్ అనే చిన్న ఫైలులో ఆ అంకెలు పెట్టడం ఈ పని చేసేవాళ్ళందరికీ ఎప్పట్నించో అలవాటే.

అమ్మాయి: అంటే ముక్కలు ముక్కలుగా తెచ్చి మళ్ళీ అతికిస్తావు.

బాబాయి: మరి నీ ఇమేజ్‌లో ఏముంటుంది? పిల్లాడు రాసిన బేసిక్ ప్రోగ్రాం ఉంటుంది. దాన్ని ల్యాప్‌టాప్‌లో తెరువు. ప్రింట్ అన్న మాటుండదు, దాని బదులు 241 అనే ఒక్క బైటు ఉంటుంది. ప్రతి ఆజ్ఞనీ బీబీసీ బేసిక్ అలాగే కుదించి దాస్తుంది. నా మిషన్ ముందు కూర్చుని స్టార్ స్పూల్ అని, లిస్ట్ అని కొడితే చాలు, చదవగలిగే అక్షరాల్లో మొత్తం కిందికి దిగుతుంది. ఆ కుర్రాడికి ఇప్పుడు యాభై దాటి ఉంటాయి. తన ప్రోగ్రాం కావాలని వస్తే అతని చేతిలో నానోసెకన్లు పెడతావా, లిస్టింగ్ పెడతావా?

అమ్మాయి: రెండూ పెడతాను. కానీ ఇమేజ్‌లోంచి లిస్టింగ్ ఎప్పుడైనా తీయొచ్చు, లిస్టింగ్‌లోంచి ఇమేజ్ తీయలేం. బ్రౌన్ దొర కడపలో పండితుల్ని పెట్టి తాళపత్రాలకి శుద్ధప్రతులు రాయించాడు కదా. ఆ ప్రతులు లేకపోతే మనకి ఎంతో పోయేదే. అయినా పండితుడు తనకి తప్పనిపించిన చోట దిద్దితే, అసలు తాటాకు మీద ఏముందో ఇవాళ ఎవరు చెప్పగలరు? ఆ రోజుల్లో ఫొటో తీయగలిగి ఉంటే ముందు ఫొటో తీసి, తరవాత ప్రతి రాయించేవాళ్ళు కారా?

బాబాయి: ఫొటో ఒకటే తీసి పండితుల్ని ఇంటికి పంపించేసి ఉంటే? ఆ లిపి చదవడం వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే పోయాక ఆ ఫొటో ఎవరికి పనికొస్తుంది? నేను అడిగేది అదే. చదివే యంత్రం ఇంకా పనిచేస్తోంది, దాన్ని నడపడం వచ్చినవాణ్ణి నేనింకా ఉన్నాను. ఇప్పుడే చదివించుకో. నీ ఫొటో సరిగ్గా అర్థమైందో లేదో దేనితో పోల్చి చూసుకుంటావు?

ఈ వాదనలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచిన మాట ఇదే. అయస్కాంతపు రికార్డుని విప్పే ప్రోగ్రాం తప్పు చేసిందని ఎలా తెలుస్తుంది? సెక్టారు చివర సీఆర్‌సీ సరిపోతే బైట్లు సరిగ్గా వచ్చినట్టే. అక్కడివరకూ అమ్మాయి పద్ధతికి లోటు లేదు. కానీ ఆ బైట్లు ఏ ఫైలు, ఎలా నడవాలి, తెర మీద ఏం కనిపించాలి అన్నవి బతికున్న యంత్రమే చూపించాలి. పాత యంత్రాన్ని అనుకరించే ఎమ్యులేటర్లు రాసినవాళ్ళూ అసలు యంత్రంతో పోల్చుకునే రాశారు.

2012లో ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆట అసలు ప్రోగ్రాం దొరికిన ఉదంతం ఇక్కడ గుర్తుకొస్తుంది. జోర్డాన్ మెక్నర్ దాన్ని ఆపిల్ 2 మీద రాశాడు, ఆట 1989లో వచ్చింది. ఆ డిస్కులు పోయాయనే అనుకున్నాడు. వాళ్ళ నాన్నగారికి ఇంట్లో ఒక పెట్టెలో కనిపించాయి. జేసన్ స్కాట్, టోనీ డియాజ్ వెళ్ళి సాయం చేశారు. డిస్కుల్లోంచి బయటపడిన 6502 అసెంబ్లీని మెక్నర్ గిట్‌హబ్‌లో పెట్టాడు. చూసినవాళ్ళు చూసింది మనిషి రాసిన పంక్తుల్ని, పక్కన అతను రాసుకున్న వ్యాఖ్యల్ని, అయస్కాంతపు గుర్తుల్ని కాదు.

అమ్మాయి: సరే, యంత్రం బతికుందనే అనుకుందాం. కానీ నీ బదిలీ ప్రోగ్రాం దాంట్లోకి ఎలా వెళ్తుంది? అది ఉన్న డిస్కు నీ దగ్గర లేదు. డిస్కు తయారుచేయాలంటే ఫైలు మిషన్‌లోకి వెళ్ళాలి. ఫైలు వెళ్ళాలంటే బదిలీ ప్రోగ్రాం కావాలి. చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టుంది. నేనైతే ఎస్‌డీ కార్డు పెడతాను.

బాబాయి: ఎస్‌డీ కార్డుని గుర్తుపట్టే రోమ్ ఆ మిషన్‌లోకి ఎలా వెళ్తుంది? ఈప్రోమ్ రాయాలి, పెట్టె విప్పి సాకెట్లో గుచ్చాలి. నాకు అవేవీ అక్కర్లేదు. బీబీసీ మైక్రో వెనక అయిదు పిన్నుల సీరియల్ సాకెట్ ఉంది. లూడో పాచిక మీద అయిదు చుక్కల్లా ఉంటాయి పిన్నులు. ప్లగ్గు తలకిందులుగా కూడా దూరుతుంది, ఏమీ రాకపోతే తిప్పి పెట్టి చూడాలి. స్టార్ ఎఫ్ఎక్స్ 2,1 అంటే మిషన్ కీబోర్డుని వదిలేసి సీరియల్ తీగలోంచి వచ్చేదే టైపు చేసినట్టు తీసుకుంటుంది. ఇక నీ ల్యాప్‌టాప్ నుంచి ప్రోగ్రాంని మామూలు అక్షరాలుగా పంపించు. 10వ లైను, 20వ లైను, ఎవరో కనిపించని మనిషి కూర్చుని కొడుతున్నట్టు తెర మీద పడుతూ పోతాయి. బీబీసీ బేసిక్ లోపలే 6502 అసెంబ్లర్ ఉంది. కాబట్టి వేగంగా నడవాల్సిన భాగాన్ని అసెంబ్లీలోనే పంపిస్తే, మిషన్ తనే దాన్ని మెషిన్ కోడ్ చేసుకుంటుంది. అంతా అయ్యాక సేవ్ అంటే, డిస్కు మీద నీ బదిలీ ప్రోగ్రాం సిద్ధం. విత్తు ఎక్కణ్ణించీ తేనక్కర్లేదమ్మా, మిషన్‌లోనే ఉంది.

అమ్మాయి: మిగతా మిషన్లకి ఈ సుఖం ఉందా?

బాబాయి: ఆపిల్ 2కి ఏడీటీప్రో అనే బదిలీ ప్రోగ్రాం ఉంది. దానికీ ఇదే కిటుకు. సీరియల్ కార్డున్న స్లాటు నంబరుతో ‘ఇన్’ అనే ఆజ్ఞ ఇస్తే, అవతలి కంప్యూటర్ బైట్లని టైపు చేసినట్టు మానిటర్‌లోకి పోసేస్తుంది. సీరియల్ కార్డు లేనివాళ్ళకి క్యాసెట్ సాకెట్ ఉంది. ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి తీగ పెట్టి, ప్రోగ్రాంని శబ్దంగా వినిపిస్తే ఎక్కుతుంది. డిస్కు ఒక్కటి కూడా లేకుండా అటకమీంచి దించిన ఆపిల్‌ని అలా లేపి, 1,43,360 బైట్ల డిస్కుల్ని ఒక్కొక్కటే లాగేసుకోవచ్చు. ఎంత మర్యాదగల సాఫ్ట్‌వేరో చూడు, ఎదుటివాడి దగ్గర ఏముందో దాంతోనే పని మొదలుపెడుతుంది.

అమ్మాయి: వేగం?

బాబాయి: 9600లో సెకనుకి 960 బైట్లు. 200 కేబీ డిస్కుకి మూడున్నర నిమిషాలు, పొట్లాల ఖర్చూ డిస్కు చదివే సమయమూ కలిపితే ఇంకొంచెం. తొందరున్నవాళ్ళకి యూపర్స్ అనే ప్రోగ్రాం ఉంది. సీరియల్ పోర్టుని వదిలేసి యూజర్ పోర్టు మీద 1,15,200 వేగంతో నడుస్తుంది. 2 మెగాహెర్ట్‌జ్ ప్రాసెసరుకి ఆ వేగంలో ఒక్కో బిట్టుకి దొరికేది 17 సైకిళ్ళు. ఒక ఆజ్ఞకి రెండు నుంచి ఏడు సైకిళ్ళు పట్టే చోట ఆ పదిహేడింటిలో బిట్టుని చూసి, తోసి, లెక్కపెట్టుకోవాలి. రాసినవాళ్ళకి దణ్ణం పెట్టాలి.

ఇంతవరకూ మాటలు పద్ధతి గురించే. తరవాత అమ్మాయి అనుకోకుండా తెచ్చిన సంగతితో వాదన వేరే చోటికి వెళ్ళింది. అదే నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది.

అమ్మాయి: ఇంకో లాభం చెప్తాను. బీబీసీ డిస్కులో ఫైలు చెరిపితే, మొదటి రెండు సెక్టార్లలో ఉండే కేటలాగులోంచి పేరు పోతుంది, అంతే. సరుకు అక్కడే ఉంటుంది, ఇంకోటి దాని మీద పడేదాకా. కేటలాగులో 31 ఫైళ్ళకి మించి పట్టవు కాబట్టి బళ్ళో డిస్కుల్లో చెరపడం, రాయడం తెగ జరిగి ఉంటుంది. మొత్తం ఇమేజ్ తీస్తే చెరిపినవీ దొరుకుతాయి. నీ కెర్మిట్‌కి అవి ఉన్నాయనే తెలియదు.

బాబాయి: దొరకకూడదు.

అమ్మాయి: అదేమిటి?

బాబాయి: ఆ డిస్కుల్లో మేం మార్కులు వేసుకునేవాళ్ళం. ఏ పిల్లకి ఎన్ని వచ్చాయో, ఎవరు ఫీజు కట్టలేదో. ఏడాది అయ్యాక చెరిపేశాం, చెరిపేశామనే అనుకున్నాం. నేను ఫైలు పంపిస్తున్నానంటే, ఇది పంపొచ్చు అని ఒక మనిషి పేరు చూసి నిర్ణయించుకున్నట్టు. నీ బోర్డు ఎవర్నీ అడగదు. ఫెయిలైన పిల్ల పేరు నలభై ఏళ్ళ తరవాత ఎవరి చేతుల్లోకో వెళ్ళాలా?

అమ్మాయి: నువ్వు ఎంచినవే మిగలాలంటే చరిత్ర అంతా నీ ఇష్టం మీద నడుస్తుంది. పనికిమాలినదని నువ్వు పంపకుండా వదిలేసిన ఫైలే రేపు విలువైనది కావచ్చు. పిల్లలు సగంలో వదిలేసిన ప్రోగ్రాములున్నాయనుకో, వాళ్ళెలా ఆలోచించారో తెలిసేది వాటిలోనే.

బాబాయి: సగంలో వదిలేసినవి పంపిస్తాను. మార్కులు పంపను.

అమ్మాయి: ఏవి మార్కులో, ఏవి ప్రోగ్రాములో చూడకుండా నీకెలా తెలుస్తుంది? చూడాలంటే ముందు తీయాలి కదా.

దీనికి బాబాయి వెంటనే జవాబు చెప్పలేదు. అమ్మాయి తర్కం గట్టిదే. అయినా ఈ విషయంలో నా మనసు ఆయన వైపే ఉంది. యంత్రం దొరికినదంతా పట్టుకురాగలదు కాబట్టి తెచ్చెయ్యడం, మనిషి ఎంచి ఇవ్వడం, ఈ రెండింటికీ తేడా ఉంది. ఇమేజ్ తీయాల్సిందే, డిస్కు ఎన్నాళ్ళో ఆగదు. కానీ ఆ ఇమేజ్‌ని అందరికీ పంచిపెట్టే హక్కు దాన్ని తీయగలిగినంత మాత్రాన రాదు. పంచేటప్పుడు మళ్ళీ ఫైలు ఫైలుగా, పేరు పేరుగా చూడాల్సిందే. పాత ప్రోగ్రాములు బలవంతాన చేయించిన ఆ పనిని కొత్త పరికరాలు మనకే వదిలేశాయి.

బాబాయి: ఒక ఒప్పందానికి వద్దాం. బూజు పట్టినవి, మెరుపు పోయినవి ముందు నీకు. నీ బోర్డు మీదే తియ్యి, వాటిని నా డ్రైవులో పెట్టను, హెడ్ పాడవుతుంది. శుభ్రంగా ఉన్నవి ముందు నువ్వు తీసి, తరవాత నాకివ్వు. నేను మిషన్‌తో చదివించి సీరియల్ మీద పంపిస్తాను. రెండూ బైటు బైటుకీ పోల్చు. తేడా వచ్చిన ఫైలుని ఇద్దరం కూర్చుని చూద్దాం.

అమ్మాయి: ఇమేజీలు?

బాబాయి: నీ దగ్గరే ఉండనీ. మార్కులున్నవి మాత్రం ఇల్లు దాటవు.

అమ్మాయి: దాని సంగతి మనం ఇంకా తేల్చుకోలేదు బాబాయ్.

బాబాయి: తేల్చుకుందాం. ముందు మిషన్‌లోకి ప్రోగ్రాం ఎక్కాలి. నీ ల్యాప్‌టాప్‌కి సీరియల్ పోర్టు లేదు కదా, ఆ యూఎస్‌బీ తీగ తెచ్చావా?

అమ్మాయి: తెచ్చాను. హ్యాండ్‌షేక్ పిన్నులున్నదే తెచ్చాను, నీ మిషన్ ఆగమంటే ఆగుతుంది. చెప్పు, ముందు స్టార్ ఎఫ్ఎక్స్ 2,1 కదా?

బాబాయి: ముందు 7,6. తరవాత 8,6. రావడానికీ పోవడానికీ వేగం 4800 పెట్టుకుందాం, నేను చేసిన కేబుల్ పొడుగ్గా ఉంది. 2,1 ఆఖర్న. అదే ముందు కొట్టేశావంటే కీబోర్డు మాట వినదు, నీ ల్యాప్‌టాప్ వేరే వేగంలో ఉంటే వచ్చిందంతా చెత్తవుతుంది. అప్పుడిక బ్రేక్ నొక్కాలి. నొక్కాక ఓల్డ్ అని కొట్టడం మర్చిపోకు, లేకపోతే అప్పటిదాకా ఎక్కిన లైన్లు మళ్ళీ పంపించుకోవాలి.